మొదటి పోకెమాన్ ఎంపిక: బలాబలాలు పక్కన పెట్టి, రూపం చూసి ఎవరిని తీసుకోవాలి

పోకెమాన్ అనే జీవుల్ని పెంచి పోరాడించే వీడియో ఆటల్లో దాదాపు ఏది మొదలుపెట్టినా కాసేపటికే మన ముందుకు మూడు జీవులొస్తాయి. ఒకటి గ్రాస్ టైప్ (టైప్ అంటే జీవి ఏ శక్తితో పోరాడుతుందో చెప్పే వర్గం), ఒకటి ఫైర్, ఒకటి వాటర్. వాటిలో ఒకటే మనది, దాన్నే స్టార్టర్ అంటారు. ఏది తీసుకుంటే తొలి జిమ్‌లు (కథలో దాటాల్సిన పోటీ కేంద్రాలు) తేలిగ్గా దాటొచ్చు, దేని బలం, వేగం అంకెలు పెద్దవి అనే సలహాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. నేను చెప్పబోయేది అది కాదు. కథ పూర్తి చేయడానికి మూడింట్లో ఏదైనా సరిపోతుంది, అలా సరిపోయేలాగే ఆ ఆటల్ని కట్టారు. అలాంటప్పుడు గంటల తరబడి చూసినా మొహం మొత్తని రూపాన్ని తీసుకోవడమే సరైన ఎంపిక. అయితే ఆ రూపం ఏదన్నది మొదటి చూపులో తేలదు.

ఎందుకంటే మనకు చూపించేది మూడు పిల్ల ముఖాల్ని. ఆ పిల్ల రూపం దాదాపు 16వ లెవెల్‌కి మారిపోతుంది. ఆ తర్వాతిది 36 దగ్గర, కొన్నిటికి 32, 34 దగ్గరే మారుతుంది. చివరి పోరాటాల నాటికి మనవాళ్లు 50 దాటి ఉంటారు. పైగా లెవెల్ పెరిగేకొద్దీ ఒక్కో మెట్టుకి పట్టే సమయమూ పెరుగుతుంది. లెక్క చూస్తే మన కళ్ల ముందు ఎక్కువసేపు ఉండేది మూడో రూపం. ముద్దుగా ఉందని పిల్లను తీసుకుని, అది పెద్దయ్యాక నిరాశపడేవాళ్లు అందుకే అంతమంది. అలాగని మూడో రూపం బొమ్మ ఒక్కటి చూసి ఎంచుకోమనీ చెప్పను. నా కొలత వేరు. పిల్లలో కనిపించిన ఆలోచన పెద్దదానిలో బతికుందా? బతికుంటే ఆ మూడూ ఒకే ప్రాణి పెరిగినట్టుంటాయి. లేకపోతే మన పోకెమాన్‌ని ఎవరో తీసుకెళ్లి వేరేదాన్ని ఇచ్చినట్టుంటుంది. ఈ సంగతి తేల్చేది నడిమి రూపం. ఎవరూ పట్టించుకోని ఆ రెండో రూపాన్నే నేను ముందు చూస్తాను.

ఇంకో కొలత ఉంది, అది చాలామందికి తట్టదు. పోరాటంలో ప్రత్యర్థి ముఖం మనకు కనిపిస్తుంది, మనదాని వీపు కనిపిస్తుంది. 1996లో జపాన్‌లో వచ్చిన రెడ్, గ్రీన్ ఆటల నుంచీ ఇదే ఏర్పాటు. 2009 నాటి హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ లాంటి ఆటల్లో పోకెమాన్ మన వెనకే నడిచి వస్తుంది, అది వేరే ఆనందం. కానీ యుద్ధంలో మాత్రం వీపే. అధికారిక చిత్రాల్లో జీవి మనవైపు తిరిగి ఛాతీ విరుచుకుని నిలబడుతుంది, ఆ భంగిమ ఆటలో మనకు దక్కేది తక్కువ. కాబట్టి వీపు మీద ఏముందో చూడకుండా స్టార్టర్‌ని ఎంచుకోకండి.

కాంటో త్రయం: అందరూ చారిజార్డ్ అంటారు, నేను వీనసార్ అంటాను

తొలి ఆటలు సాగే ప్రాంతం పేరు కాంటో. అక్కడి బల్బసార్, చార్మాండర్, స్క్విర్టిల్ మూడింటినీ రూపొందించింది అత్సుకో నిషిదా. పికాచూ రూపం కూడా ఆమె చేతిదే. వాటి అధికారిక చిత్రాలు గీసి లోకానికి పరిచయం చేసింది కెన్ సుగిమోరి. గేమ్ బాయ్ తెర మీద నాలుగే నాలుగు ఛాయలు, చుక్కలన్నీ లెక్కపెట్టేంత పెద్దవి. అంత ఇరుకులో గుర్తుండిపోవాలంటే జీవి ఆకారం ఒక్క గీతలో తెలిసిపోవాలి. ఈ మూడింటికీ ఆ గుణం ఉంది. బొమ్మను పూర్తిగా నల్లరంగుతో నింపేసినా ఏది ఏదో చెప్పేయొచ్చు.

చార్మాండర్ చివరి రూపం చారిజార్డ్ మీద ప్రేమ నాకు అర్థమవుతుంది. తోక చివర మంట మూడు రూపాల్లోనూ ఆరకుండా ఉంటుంది, ఆ ఒక్క దీపమే వరుసనంతా కలిపి కుడుతుంది. రెక్కలు చివర్లోనే వస్తాయి, కాబట్టి 36వ లెవెల్ నిజంగా పండగలా ఉంటుంది. నారింజ ఒంటికి రెక్కల లోపలి నీలాకుపచ్చ భలే జోడీ. కానీ చార్మీలియన్ దగ్గర ఒంటి రంగు ముదురు ఎరుపుకి వెళ్లి, చారిజార్డ్ దగ్గర మళ్లీ నారింజకి తిరిగొస్తుంది. ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అందరూ డ్రాగన్ అనుకునే ఈ జీవి ఫైర్, ఫ్లయింగ్ టైప్ అన్న సంగతీ గుర్తుంచుకోండి. డ్రాగన్ టైప్ కావాలంటే 2013 నాటి ఎక్స్, వై ఆటల్లో వచ్చిన మెగా చారిజార్డ్ ఎక్స్ (పోరాటంలో తాత్కాలికంగా వచ్చే రూపం) దాకా ఆగాలి. ఆ నల్లటి ఒళ్లు, నోటి కొసల నుంచి కారే నీలి మంట చూశాక మాత్రం వంక పెట్టడానికి నాకు మనసొప్పదు.

బ్లాస్టాయిస్ సంగతి వేరు. స్క్విర్టిల్ నుంచి వార్టార్టిల్ అయినప్పుడు గుబురు తోక, రెక్కల్లాంటి చెవులు వస్తాయి. జపాన్ జానపదంలో వందల ఏళ్లు బతికి, వెనక నాచు తోకలా పెరిగిన తాబేలు ఒకటుంది. ఆ తోక అక్కడిదే. దీర్ఘాయువు అనే అందమైన ఆలోచన అది. తీరా బ్లాస్టాయిస్ అయ్యేసరికి ఆ తోకా లేదు, చెవులూ లేవు. చిప్పలోంచి రెండు ఫిరంగులు పొడుచుకొస్తాయి. ఫిరంగులు విడిగా గొప్ప ఆలోచనే, వెనక నుంచి చూస్తే భుజాల మీదుగా గురిపెట్టినట్టు అద్భుతంగా ఉంటాయి. అయినా వార్టార్టిల్ మొదలుపెట్టిన కథ మధ్యలో తెగిపోయింది. నడిమి రూపాన్ని ముందు చూడమనడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు.

ఇక బల్బసార్ చివరి రూపం వీనసార్. వీపు మీద గడ్డ, తర్వాత మొగ్గ, తర్వాత పువ్వు. ఇంతకన్నా సూటిగా పెరుగుదలను చూపించిన వరుస మొత్తం పోకెమాన్ చరిత్రలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. మాట అక్కర్లేదు, చదవక్కర్లేదు, బొమ్మలు మూడూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలైనా క్రమం చెప్పేస్తారు. పైగా ఆ పువ్వు ఉన్నది ఎక్కడ? వీపు మీద! మన వైపు. ప్రత్యర్థికి కనిపించేది బరువైన కప్పలాంటి ముఖం, మనకు కనిపించేది విచ్చుకున్న పువ్వు. కాంటోలో తొలి రెండు జిమ్‌లు రాక్, వాటర్ టైపులు కాబట్టి ఆట పరంగానూ బల్బసార్‌ది సుఖమైన దారి. బలం చూసుకునేవాళ్లకీ రూపం చూసుకునేవాళ్లకీ ఒకే జవాబు దొరకడం అరుదు, ఇక్కడ దొరికింది.

జోటో, హోయెన్

1999 నాటి గోల్డ్, సిల్వర్ త్రయం మీద నాకు చెప్పడానికి ఎక్కువ లేదు. టోటోడైల్ పెరిగి పెద్ద మొసలి అవుతుంది. వీపు మీద ఎర్రటి ముళ్లు, పెద్ద దవడ మూడు రూపాల్లోనూ ఉంటాయి. నిజాయితీగల వరుస, పెద్దగా ఆశ్చర్యపరచదు. చికొరీటా మెడ చుట్టూ ఉండే మొగ్గలు దాని చివరి రూపం మెగానియం దగ్గర పెద్ద పువ్వుగా విచ్చుకుంటాయి. ఎండిపోయిన మొక్కల్ని తన ఊపిరితో బతికించగలదని పోకెడెక్స్ (ఆటలోనే ఉండే పోకెమాన్ల వివరాల పుస్తకం) చెబుతుంది. పోరాడే జీవుల మధ్య ఇంత సౌమ్యమైన ఊహ నాకు ఇష్టం. ముగ్గురిలో సిండాక్విల్‌ని మాత్రం ఆట చూసి తీసుకోండి. దాని చివరి రూపం టైఫ్లోజన్ మెడ చుట్టూ ఎగిసే మంట పాత ఆటల్లో దాని ప్రాణం. 3డి వచ్చాక మామూలుగా నిలబడినప్పుడు ఆ మంట ఉండదు, దాడి చేసేటప్పుడే రగులుతుంది. మంట లేని టైఫ్లోజన్‌ని చూస్తే నాకు నిజంగానే బాధేస్తుంది. హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఆడుతుంటే కళ్లు మూసుకుని సిండాక్విల్‌ని తీసుకోండి. 2025 నాటి లెజెండ్స్ జెడ్-ఏ ఆటలో చికొరీటా, టోటోడైల్, వేరే తరానికి చెందిన టెపిగ్ ఎంపికకు వస్తాయి. అక్కడ నా ఓటు చికొరీటాకి.

2002 నాటి రూబీ, సఫైర్ ముగ్గురిలో ట్రీకో వరుసది పదునైన గీత. బల్లి నడక, గ్రొవైల్ ముంజేతుల మీద ఆకు కత్తులు, సెప్టైల్ తోక ఒక చెట్టుకొమ్మంత గుబురు, వెన్ను పొడుగునా పసుపు గింజలు. ఆ గింజలు, ఆ తోక మనవైపు తిరిగి ఉండటమే దీని బలం. వేగం అంకె 120, చూడ్డానికి ఎంత చురుగ్గా ఉందో ఆటలోనూ అంతే చురుకు. మడ్‌కిప్ తల మీది రెక్క చుట్టుపక్కల కదలికల్ని పసిగడుతుంది, స్వాంపర్ట్ అయ్యాక అవే రెక్కలు తుఫాను రాకను ముందే చెబుతాయని పోకెడెక్స్ వివరణ. అంటే ఆలోచన చెక్కుచెదరలేదు. కానీ మడ్‌కిప్ ముఖంలోని అమాయకత్వం ఎక్కడా మిగలదు, దానికి సిద్ధపడి తీసుకోండి. టార్చిక్ చివరి రూపం బ్లేజికెన్ ఫైర్, ఫైటింగ్ టైప్ స్టార్టర్లలో మొదటిది. కోడిపిల్ల కాలితో తన్నే యోధుడు కావడం అప్పట్లో ఎంత కొత్తగా అనిపించిందో! తర్వాతి రెండు తరాల ఫైర్ స్టార్టర్లనూ అదే టైప్ జోడీలోకి మార్చడంతో ఆ కొత్తదనం అరిగిపోయింది. అందులో బ్లేజికెన్ తప్పేమీ లేదు.

సిన్నో: టార్టెరా కోసమే ఆడొచ్చు

2006 నాటి డైమండ్, పర్ల్‌లో నా మనసు ఎటు ఉందో దాచను. టర్ట్‌విగ్ తల మీద చిన్న మొలక. గ్రాటిల్ వీపు మీద పొదలు. టార్టెరా వీపు మీద ఒక పెద్ద చెట్టు, పక్కనే కొండ శిఖరాల్లాంటి ముళ్లు. భూమిని మోసే తాబేలు అనే ఊహ ఎన్నో దేశాల పురాణాల్లో ఉంది. దాన్ని ఇంత తేలిగ్గా, ఒక్క ముక్క ఎక్కువ లేకుండా గీయడం గొప్ప పని. కదలకుండా ఉన్న టార్టెరా వీపు మీద చిన్న పోకెమాన్లు చేరి గూళ్లు కట్టుకుంటాయని పోకెడెక్స్‌లో ఉంది. ఆ ఒక్క వాక్యంతో అది జీవి కాస్తా ఒక చోటు అయిపోయింది. 2.2 మీటర్ల ఎత్తు, 310 కిలోలు. వేగం అంకె 56. చూడ్డానికి ఎంత నిదానమో ఆటలోనూ అంత నిదానం. రూపం ఒకటి చెప్పి అంకెలు ఇంకోటి చెప్పే పోకెమాన్లు ఎన్నో ఉన్నాయి. టార్టెరా అలా మోసం చేయదు. వెనక నుంచి చూస్తే తెర మీద ఒక కొండ ప్రాంతం మన ముందు నిలబడి మన తరఫున పోరాడుతున్నట్టే ఉంటుంది.

ఇన్‌ఫర్నేప్ చైనా పురాణగాథల్లోని వానర వీరుడు సన్ వుకోంగ్ నుంచి వచ్చింది. చిమ్‌చార్‌కి తోక దగ్గర ఉండే మంట మాన్‌ఫర్నోకి తోక చివరికి పాకుతుంది, ఇన్‌ఫర్నేప్‌కి తల మీద కిరీటమై వెలుగుతుంది. మంట కింద నుంచి పైకి ఎక్కుతుందన్నమాట. బాగా ఆలోచించి చేసిన పని అది. 108 వేగం కూడా ఆ సన్నటి ఒంటికి తగ్గట్టుంటుంది. పిప్లప్ చివరి రూపం ఎంపోలియన్ ముక్కు మీంచి పైకి లేచిన త్రిశూలం లాంటి కిరీటం బాగుంటుంది, కానీ దాని అందమంతా ముఖంలోనే. వెనక నుంచి చూస్తే నల్లటి వీపు, పెద్దగా చెప్పుకోడానికేమీ లేదు. వాటర్, స్టీల్ అనే అరుదైన జోడీ కోసం తీసుకునేవాళ్లకి నేను అడ్డు చెప్పను.

యూనోవాలో ఒకే ఒక్కటి

2010 నాటి బ్లాక్, వైట్ ఆటలు కథ పూర్తయ్యేదాకా పాత పోకెమాన్లను అసలు కనిపించనివ్వలేదు. 156 కొత్త జీవులు, అన్నీ వాటి కాళ్ల మీద అవే నిలబడాలి. యుద్ధంలో బొమ్మలు ఆగకుండా కదులుతూ ఉండేవి. అలాంటి ఆటకు స్నైవీ వరుస కంటే తగింది లేదు.

సాధారణంగా స్టార్టర్ పెరిగేకొద్దీ ఒంటికి ఏదో ఒకటి చేరుతుంది. కవచం, కొమ్ము, ఫిరంగి. స్నైవీ వరుసలో మాత్రం ఒక్కోటీ తగ్గుతూ పోతుంది. స్నైవీ రెండు కాళ్ల మీద నిలబడుతుంది, చేతులు కట్టుకుని పైనుంచి కిందకు చూసే చూపు. సర్వైన్‌కి ఆ చేతులు చిన్నవైపోయి, నడక పాకడానికి దగ్గరవుతుంది. సర్పీరియర్‌కి చేతులూ కాళ్లూ దాదాపు అక్కర్లేకుండా పోయాయి. మిగిలింది 3.3 మీటర్ల పొడవు, ఎత్తిన తల, ఆ చూపు. తన చూపుకి బెదరని బలమైన ప్రత్యర్థి ఎదురైతేనే పూర్తి శక్తి వాడుతుందని పోకెడెక్స్ చెబుతుంది. మొదటి రూపంలో పిల్లచేష్టగా కనిపించిన పొగరు చివరికి రాజసంగా మారింది. తీసేస్తూ పోయి గొప్పదాన్ని తయారు చేయడం కూర్చి చేయడం కన్నా కష్టం. వేగం 113, ఒక్క కదలికలో దూసుకుపోయేలా ఉన్న ఆ ఒంటికి అది సరిగ్గా అమరింది.

టెపిగ్ పెరిగి ఎంబోర్ అయినప్పుడు గడ్డం మంటగా మారడం, ఆ మంటతోనే పిడికిళ్లు అంటించుకోవడం నాకు నచ్చుతాయి, మిగతా ఒళ్లు మరీ గజిబిజి. ఓషవాట్ పొట్ట మీది గవ్వ డ్యూవాట్‌కి రెండవుతుంది, సామురాట్‌కి ముందు కాళ్లలో దాగిన కత్తులవుతాయి. ఆలోచన బతికింది, కానీ రెండు కాళ్ల మీద నిలబడి గవ్వ తిప్పే చిన్ని యోధుడు హఠాత్తుగా నాలుగు కాళ్ల మీదకు రావడం చాలామందికి మింగుడు పడలేదు. నాకు మాత్రం ఆ మార్పు నచ్చింది. కత్తి దూసే క్షణం వరకూ ఆయుధం కనబడకపోవడమే అసలైన యోధుడి లక్షణం. ఇష్టం ఉంటే 2022 నాటి లెజెండ్స్ ఆర్సియస్‌లో దాని హిసుయి ప్రాంతపు రూపం చూడండి. వాటర్‌కి డార్క్ తోడై ఇంకా కరుకుగా ఉంటుంది.

రెండు కాళ్ల గొడవ

ఎక్స్, వై నుంచి 3డి వచ్చింది, స్టార్టర్లు మనుషుల్లా నిలబడటమూ ఎక్కువైంది. అభిమానుల్లో పెద్ద చీలిక ఇక్కడే. జంతువులా మొదలైంది జంతువులాగే ఉండాలని ఒక వర్గం, వృత్తి వేషం వేసుకున్నా పరవాలేదని ఇంకో వర్గం. నా మట్టుకు నాకు రెండు కాళ్లు అడ్డు కాదు. ఆ వేషం జీవి ఒంట్లోంచి పుట్టిందా, పైన తొడిగిందా అన్నదే చూస్తాను.

గ్రెనింజా ఒంట్లోంచి పుట్టింది. కప్పకి పొడవాటి నాలుక ఉంటుంది, నింజాకి మెడ చుట్టూ గుడ్డ ఉంటుంది. ఆ నాలుకనే మెడకు చుట్టేశారు! దాని పిల్ల రూపం ఫ్రోకీ మెడ చుట్టూ ఉన్న నురగ దగ్గరే ఆ స్థానం సిద్ధమైంది. 122 వేగం ఉంది, నీటిని చక్రాల్లా విసిరే వాటర్ షురికెన్ ఉంది. చూపించినదంతా చేసి చూపిస్తుంది. 2020లో పోకెమాన్ సంస్థ నడిపిన ఓటింగ్‌లో మొదటి స్థానం దీనికే దక్కింది, ఆ గెలుపు న్యాయమైనదే. అదే తరంలో బ్రెయిక్సెన్ తోకలో దోపుకున్న పుల్లను లాగి, ఆ ఒరిపిడితో అంటించుకోవడం చక్కటి ఊహ. డెల్ఫాక్స్ దగ్గర ఆ పుల్ల మంత్రదండమైంది. చెస్పిన్‌ని కోరుకునేవాళ్లు మాత్రం క్విలాడిన్‌ని ఒకసారి చూసి నిర్ణయించుకోండి. ఆ గుండ్రటి నడిమి రూపానికీ దాని ముందూ వెనకా ఉన్నవాటికీ పొత్తు కుదరలేదు.

2016 నాటి సన్, మూన్‌లో ఈ గొడవ పతాక స్థాయికి చేరింది. లిటెన్ నాలుగు కాళ్ల పిల్లి. టోరాక్యాట్ కూడా నాలుగు కాళ్లే, గొంతు దగ్గర గంటలా ఒక మంట గుండ్రంగా వేలాడుతుంది. ఆ గంట చూసి అందరూ పెద్ద పులి వస్తుందని ఎదురుచూశారు. ఇన్సినరోర్ రెండు కాళ్ల మీద నిలబడ్డ కుస్తీ వస్తాదుగా వచ్చింది. ఆ కోపం నాకు తెలుసు. కానీ ఒకసారి ఆ గంట ఏమైందో చూడండి. నడుముకి దిగి, వస్తాదు నడుము పట్టీ అయింది. వేళ్లాడే మంట ఎక్కడికీ పోలేదు. అందుకే నేను దాన్ని తప్పు పట్టను. పైగా ఇద్దరిద్దరు తలపడే పోటీల్లో అందరి జట్లలోనూ కనిపించే పోకెమాన్లలో ఇదొకటి. ఎదుటివాణ్ణి బెదిరించి బలం తగ్గించడం, వస్తూనే ఒక దెబ్బతో తడబడేలా చేయడం దాని ప్రత్యేకత. రింగులో గుడ్లురిమే వస్తాదు చేసే పని సరిగ్గా అదే కదా.

అయినా ఆ ముగ్గురిలో నేను తీసుకునేది రౌలెట్‌నే. గుండ్రటి గుడ్లగూబ పిల్ల, మెడ దగ్గర ఆకుల టై. యుద్ధంలో మన మాట కోసం ఎదురుచూసేటప్పుడు మెడ వెనక్కి తిప్పి ట్రైనర్ వైపు చూస్తుందని దాని పరిచయంలోనే ఉంది. వీపు తప్ప ముఖం కనిపించని ఈ ఆటలో ఆ చూపు ఎంత విలువైనదో! డార్ట్రిక్స్ ఈకల్ని కత్తుల్లా విసురుతుంది. డెసిడ్యుఐ రెక్కలోంచి ఈకను పీకి బాణం చేసి, తల మీది ఆకుపచ్చ ముసుగు తీగను నారిగా లాగి వదులుతుంది. ఆయుధం మొత్తం ఒంటి మీదిదే. ఒక్కటే లోటు, వేగం 70. ఇంత చురుకైన విలుకాడికి అది తక్కువ, ప్రత్యర్థి ముందు కొట్టేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. పాప్లియోని తీసుకోదలచినవాళ్లు ఆ విదూషకుడి ముఖం చూసి వెనకడుగు వేయకండి. ప్రైమరీనా నీటి బుడగలతో పాడే గాయని, నీలి జుట్టు వెనక నుంచి చూస్తే ఆ ఆటలోకెల్లా అందమైన దృశ్యం.

2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లో రిలాబూమ్ ఒక్కటే నాకు పూర్తిగా నచ్చింది. గ్రూకీ జుట్టులో ఒక పుల్ల, థ్వాకీకి రెండు పుల్లలు, రిలాబూమ్ చేతిలో మోడుతో చేసిన డోలు. లయ పెరుగుతూ పోయింది. సిండరేస్ గులకరాయిని నిప్పుల బంతి చేసి తన్నే ఫుట్‌బాల్ ఆటగాడు, ఉత్సాహం ఉంది కానీ వేషం పైన తొడిగినట్టే అనిపిస్తుంది. సాబుల్ విషయంలో అభిప్రాయాలు తీవ్రంగా చీలాయి. భయపడి ఏడ్చే పిల్ల, గదిలోంచి బయటకు రాని కుర్రాడిలా డ్రిజైల్, వేలి కొసతో నీటి తూటా పేల్చే గూఢచారి ఇంటెలియాన్. ముగ్గురి స్వభావం ఒక వ్యక్తి పెరిగిన కథలా చదువుకోవచ్చు. రూపాల్లో మాత్రం ఆ అతుకు సరిగ్గా కలవలేదు.

పాల్డియా: కొత్తగా ఆడేవాళ్లకి ఫ్యుకోకో

2022 నాటి స్కార్లెట్, వయొలెట్‌తో పోకెమాన్ మొదలుపెట్టేవాళ్లు ఉంటారు కాబట్టి దీని గురించి కాస్త నిలబడి చెబుతాను.

స్ప్రిగటీటో పిల్లి, ముగ్గురిలోకీ ముద్దుగా ఉంటుంది, ఎక్కువమంది చెయ్యి దాని మీదకే పోతుంది. అది రెండు కాళ్ల మీద నిలబడి ఇంద్రజాలికుడి వేషం వేస్తుందని ముందే తెలుసుకోండి. ఫ్లోరగాటో తీగ చివర మొగ్గను యోయోలా ఆడిస్తుంది, మియావ్‌స్కరాడా పువ్వును మాయం చేసి బాంబులా పేలుస్తుంది. చేతివాటం అనే తాడు మూడింటినీ కలుపుతుంది, 123 వేగం దానికి తోడు. నాలుగు కాళ్ల పిల్లే కావాలనుకునేవాళ్లకి మాత్రం దీనితో పొసగదు. క్వాక్స్లీ తల మీద నున్నగా దువ్విన జుట్టు క్వాక్వవాల్ దగ్గర రంగురంగుల ఈకల నాట్యంగా మారుతుంది. కదులుతున్నప్పుడు చాలా బాగుంటుంది, నిలబడితే అతిగా అలంకరించినట్టుంటుంది. బొమ్మ చూసి వద్దనుకున్నవాళ్లు ఒక్కసారి అది నాట్యం చేస్తూ కొట్టడం చూసి చెప్పండి.

ఫ్యుకోకోది నిదానపు ముఖం, తిండి మీదే ధ్యాస. ముందు అందరూ తేలిగ్గా తీసుకుంటారు. క్రోకలోర్ అయ్యేసరికి తల మీద గుడ్డు ఆకారంలో ఒక నిప్పుముద్ద ఏర్పడుతుంది. నడిమి రూపంలో ఇంత మంచి ముడి వేయడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ గుడ్డు ఏమవుతుంది? స్కెలిడర్జ్ అయ్యాక అది నిప్పు పక్షి అవుతుంది! ఆ నిప్పుముద్దకు ఆత్మ చేరి పక్షి పుట్టిందని చెప్పుకుంటారని పోకెడెక్స్ రాస్తుంది. మొసలి పాడుతుంది, పాడినప్పుడు ఆ పక్షి రూపం మార్చుకుంటుంది, దాడి పేరు టార్చ్ సాంగ్. వాడినప్పుడల్లా దాని ప్రత్యేక దాడి శక్తి పెరుగుతుంది కూడా. ఫైర్, ఘోస్ట్ అనే టైప్ జోడీ ఎందుకు వచ్చిందో ఆ గుడ్డే చెబుతుంది. 326.5 కిలోల బరువు, 66 వేగం, నాలుగు కాళ్ల మీద స్థిరంగా నిలబడే గాయకుడు. రెండు కాళ్ల గొడవకు ఇదే సమాధానం అనిపించింది నాకు. మనిషి చేసే పని జంతువు చేత చేయించాలంటే దాన్ని మనిషిని చేయక్కర్లేదు.

కొన్ని ఖరారు సలహాలు

పిల్ల రూపమే మనసు దోచిందా? పెంచి పెద్ద చేయాలన్న నియమం ఏమీ లేదు. రూపం మారే దృశ్యం మొదలవగానే బి బటన్ నొక్కితే మార్పు ఆగిపోతుంది, ఎవర్‌స్టోన్ అనే రాయి పట్టించినా మారదు. బలం కాస్త తగ్గుతుంది, ప్రధాన కథకు అది పెద్ద అడ్డు కాదు. రౌలెట్‌ని రౌలెట్‌గానే చివరిదాకా తీసుకెళ్లడంలో గొప్ప ముచ్చటుంది.

వీపు అందమే ముఖ్యమనుకుంటే వీనసార్, టార్టెరా, సెప్టైల్, ప్రైమరీనా. పెరుగుదల కథలా సాగాలంటే స్నైవీ, ఫ్యుకోకో, గ్రూకీ. వేగానికి తగ్గ ఒళ్లు కావాలంటే ఫ్రోకీ, చిమ్‌చార్. మూడో రూపం మీద ఇంకా అనుమానం ఉంటే అధికారిక చిత్రాన్ని పక్కన పెట్టి, మీరు ఆడబోయే ఆటలోనే ఆ పోకెమాన్ పోరాడే వీడియో చూడండి. టైఫ్లోజన్ విషయంలో చెప్పినట్టు, ఒకే జీవి ఒక ఆటలో వెలిగిపోతుంది, ఇంకో ఆటలో చప్పబడిపోతుంది.

షైనీ రంగు (అరుదుగా దొరికే వేరే రంగు) కోసం తిప్పలు పడేవాళ్లకి ఒక మాట. చారిజార్డ్ నల్లటి షైనీ కష్టానికి తగిన ఫలం. చాలా స్టార్టర్ల షైనీలు మాత్రం అసలు రంగుకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి, ఆకారం నచ్చనిదాన్ని రంగు కాపాడదు. ముందు ఆకారం నచ్చాలి. ఇప్పుడు నన్ను ఒక్కటే పేరు చెప్పమంటే, అన్ని తరాలూ కలిపి, టార్టెరా. మీ ఆటలో టర్ట్‌విగ్ ఉంటే ఇంకేమీ చూడకండి, తీసుకోండి.